కౌజు కోసే చేయి

రెండు వేల అయిదు చలికాలంలో ఒక మంగళవారం మధ్యాహ్నం, నేను అరబ్బు దేశంలో, ఫుజైరాలో క్రషర్ దగ్గర లారీలు తూకం వేయిస్తుంటే, నా చిన్ననాటి స్నేహితుడు అక్కడే నగరంలోని సత్వా నుంచి ఫోన్ చేశాడు. మామూలుగా వాడు ఫోన్ చేసేది శుక్రవారాలు, అదీ నమాజు అయ్యాక, తిని పడుకునే ముందు. పనిరోజు నడిమధ్యలో చేశాడంటే ఊళ్ళో ఎవరో పోయారనుకున్నాను.

"బావా, మీ దిక్కు గుట్టలల్ల కౌజులు కూస్తయా?" అన్నాడు.

నా వెనక రాళ్ళు పగలగొట్టే మిషను మోత. సరిగా వినలేదేమోనని రెండో చెవి మూసుకుని మళ్ళీ అడిగించుకున్నాను. అదే మాట. వీడికి మతి గాని పోయిందా అనుకున్నాను.

మాది జగిత్యాల దగ్గర ఒకే పల్లె. వాళ్ళు ముసల్మానులు, మేము హిందువులం. అయినా మా ఊళ్ళో వరస పెట్టకుండా ఎవరినీ పిలవరు. మేమిద్దరం ఒకరికొకరం బావలం. వాడి నాన్న ఊరి దర్జీ. బడి ఎగ్గొట్టిన రోజుల్లో మా పని గుట్ట ఎక్కి కౌజు పిట్టలు పట్టడం. పెంచిన మగ కౌజును పంజరంలో పెట్టి గుట్ట మీద దించుతారు. దాన్ని దీమం అంటారు. అది గొంతు చించుకుని కూస్తే, నా జాగాలోకి వచ్చిందెవడని గుట్ట మీది మగపిట్ట కొట్లాటకు వస్తుంది. వచ్చి, పంజరం చుట్టూ పరిచిన ఉచ్చుల్లో కాలు పెడుతుంది. వేటంటే అంతే. తుపాకీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఆ ఓపిక వాడికి ఉండేది, నాకు లేదు.

పిట్ట చిక్కాక ఒక కట్టుబాటు ఉండేది. మెడ మీద చెయ్యి వేసేది వాడొక్కడే. బిస్మిల్లా అని వాడు కోస్తే రెండిళ్ళలోనూ వండుకోవచ్చు. నేను కోస్తే మా ఇంట్లోనే తినాలి. ఎవరో కూర్చోబెట్టి చెప్పింది కాదు, చిన్నప్పటి నుంచి అలా జరిగిపోయింది. వాడు పదో తరగతి తప్పి కుట్టుపని నేర్చుకోవడానికి హైదరాబాదు వెళ్ళిపోయాక నేను మా మేనమామల వెంట గుట్టకు పోవడం మొదలుపెట్టాను. వాళ్ళ పద్ధతి వేరు. పిట్ట చేతికి రాగానే మెడ మెలేసి సంచిలో వేసుకోవడమే.

ఇప్పుడు కౌజు ఎందుకని అడిగాను. అప్పుడు చెప్పాడు. కుడి చేతికి తిమ్మిరి పట్టింది. ఎనిమిది రోజులైంది. కత్తెర మీద పట్టు దొరకడం లేదు. మా దిక్కున చెయ్యో కాలో పడిపోతే కౌజు పులుసు పెట్టడం అందరూ చేసేదే. వారానికొకటి చొప్పున మూడు వారాలు తినాలి, గుట్ట మీద మేసిన పిట్టే కావాలి, కొన్నది పనికిరాదు.

వాడు సత్వాలో ఒక టైలరు షాపులో కటింగ్ మాస్టరు. పన్నెండేళ్ళుగా అదే పని, అదే బల్ల. కుట్టేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు, గుడ్డ మీద కత్తెర పెట్టడానికి మాత్రం ధైర్యం ఉన్నవాడు కావాలి అని వాడి సేఠే అనేవాడట. బక్రీదుకు నెల ఉంది. షాపు నిండా తానులు. ఆ పైన రెండు నెలల్లో వీసా రెన్యువల్. చెయ్యి పనిచేయడం లేదని సేఠ్ చెవిన పడితే వీసా కాన్సిల్ చేసి ఇంటికి పంపుతాడని వాడి భయం. అందుకే పక్క మిషను మీద కూర్చునే నెల్లూరాయన చాటుమాటుగా వాడి బట్టలు కోసిపెడుతున్నాడు.

"ముందుగాల డాక్టరుకు చూపియ్యిరా" అన్నాను.

"చూపిస్తె హెల్త్ కార్డు మీద రాస్తరు బావా. సేఠ్‌కు ఎరుకైతది."

నేను గట్టిగా పట్టుపట్టి ఉండాల్సింది. నిజం చెప్పాలంటే కౌజు అన్న మాట వినగానే నాకూ ఆశ పుట్టింది. నాలుగేళ్ళుగా ఆ కొండల కింద పనిచేస్తున్నాను, ఒక్కసారి కూడా ఎక్కలేదు. పొద్దున్నే తూకం గదిలో కూర్చుంటే వాగు వైపు నుంచి కౌజులు కూసేవి. మా ఊరి కూతే. విని ఊరుకునేవాణ్ణి.

"గురువారం రా" అన్నాను.

గురువారం సాయంత్రం టాక్సీ స్టాండులో పంజరంతో దిగాడు. పైన పాత లుంగీ గుడ్డ కప్పి ఉంది. ఆ దీమాన్ని రోలా బజారులో ఒక పఠాను దగ్గర కొన్నాడట. ధర చెప్పలేదు. నేను అడిగితే ముఖం తిప్పుకున్నాడు. గదిలో గుడ్డ తీసి చూశాను. బలిసిన పిట్ట, కాళ్ళ వెనక ముళ్ళు గట్టిగా ఉన్నాయి.

"దీన్నే కోసుకొని తినరాదురా, నాకు గుట్టెక్కే తిప్పలు తప్పుతది" అన్నాను.

వాడు గుడ్లురిమి చూశాడు. "దీమాన్ని తింటరా ఎవలన్న? నీ నోట్లె మన్ను వడ."

ఆ తిట్టు విని హాయిగా అనిపించింది. పన్నెండేళ్ళ నగరవాసం వాడి నోటినేమీ చేయలేకపోయింది.

శుక్రవారం తెల్లవారుజామున మా ముదీర్‌ను, అంటే మేనేజరును, అడిగి తెచ్చుకున్న పాత పికప్‌లో బయలుదేరాం. చేపలు పట్టడానికి పోతున్నామని ఆయనకు చెప్పాను. ఆ దేశంలో వేట నిషేధం. పట్టుబడితే జైలు, ఆ తరువాత ఖలాస్, పాస్‌పోర్టు చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తారు. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఉద్యోగం పోయే పనికి పోతున్నామని ఇద్దరికీ తెలుసు.

తారురోడ్డు దిగి ఎండిన వాగులో నాలుగైదు కిలోమీటర్లు పోతే బండి పోయే దారి అయిపోయింది. అక్కడి కొండల మీద మట్టి లేదు. ఒట్టి రాయి, గోధుమరంగు, నల్లరంగు. కింద వాగులో మాత్రం రేగుచెట్లు, తుమ్మచెట్లు ఉన్నాయి. రేగుచెట్టు కనిపించగానే వాడు ఆగి రాలిన కాయ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. ఎడమ చేత్తో తీశాడు. కుడి చెయ్యి స్వెటరు జేబులో ఉంది. పొద్దుటి నుంచి అది జేబులోంచి బయటికి రాలేదు.

అరగంట ఎక్కాక కొండ నడుమ చదునుగా ఒక జాగా దొరికింది. పంజరం దించాం. ఉచ్చులకు వాడు షాపు నుంచి నైలాను దారం తెచ్చాడు, మంచి గట్టి దారం. అప్పుడు చెయ్యి బయటికి తీశాడు. దారం ఒక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని, ఇంకో కొసను కుడి చేతి వేళ్ళతో ముడి వేయబోయాడు. వేళ్ళు దారాన్ని పట్టుకోలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. బొటనవేలు కదిలింది గాని చూపుడు వేలు కదలలేదు. చిన్నప్పుడు గుర్రపు వెంట్రుకతో చూడకుండా ముడులు వేసిన చెయ్యి అది.

"సలికి" అన్నాడు.

చలి అంతగా లేదు. దారం అందుకుని నేను వేయడం మొదలుపెట్టాను. వాడు పక్కన కూర్చుని నా ప్రతి ముడికీ వంకలు పెట్టాడు. ఇది బిగుసుకోదు, అది కాలికి అందదు, ఇంత పెద్ద ఉచ్చు మేకకా. నాకు ఒళ్ళు మండింది. అయినా పన్నెండు ఉచ్చులు వేసి, పంజరం చుట్టూ రాళ్ళకు కట్టి, పైన ఎండు గడ్డి చల్లాను. ఇద్దరం ఒక బండ వెనక్కి పోయి పడుకున్నాం.

దీమం చాలాసేపు కూయలేదు. పఠాను మోసం చేశాడని నేను గొణిగాను. వాడు నోటి మీద వేలు పెట్టాడు. అలా బోర్లా పడుకుని, గడ్డం రాయికి ఆనించి, పంజరం వైపే చూస్తున్నాడు. ఎండ కొండ కొమ్ము దాటి పంజరం మీద పడగానే అది రెక్కలు దులుపుకుని కూసింది. ఒకసారి, రెండుసార్లు, ఇక ఆపకుండా. కొండ అవతల నుంచి జవాబు వచ్చింది.

వాడు నా వైపు తిరిగి నవ్వాడు. టాక్సీ దిగినప్పటి నుంచి అదే మొదటిసారి వాడు నవ్వడం.

పిట్ట ఎగిరి రాలేదు, పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆగుతూ, మెడ నిక్కించి చూస్తూ, మళ్ళీ పరుగు. పంజరం చుట్టూ ఒక తిప్పు తిరిగింది. రెండో తిప్పులో కాలు చిక్కింది. రెక్కల చప్పుడు వినగానే నేను లేచి పరుగెత్తాను. నా వయసు మరిచిపోయాను, మోకాలు రాతికి కొట్టుకున్నది కూడా తెలియలేదు. ఒక చేత్తో రెక్కలు అదిమి, ఉచ్చు విప్పి, లేచి నిలబడి, వాడికి చూపిద్దామని తిరిగే లోపల నా చెయ్యి దాని పని అది చేసేసింది. మెడ మెలేశాను. మేనమామలు నేర్పిన పద్ధతి. ఆలోచించి చేసింది కాదు.

వాడు నాకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఎడమ చేతిలో చిన్న కత్తి, అప్పటికే తెరిచి పట్టుకున్నాడు.

"ఏం జేస్తివిరా" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

చచ్చిన పిట్టను వాడు తినడు. అది నాకు వాడంత బాగా తెలుసు. చిన్నప్పుడు నూరుసార్లు పిట్టను వాడి చేతికి అందించినవాణ్ణి. ఆ పూట మాత్రం మరిచిపోయాను. కోపం తెచ్చుకున్నాను.

"ఆపతికి మందు తిననీకి గూడ ఇవన్ని జూస్తరా?" అన్నాను.

"నువ్వు జెప్పకు" అన్నాడు. వెళ్ళి మళ్ళీ బండ వెనక పడుకున్నాడు.

నేను పిట్టను సంచిలో వేసి, చెదిరిన ఉచ్చులు సవరించి, వాడికి దూరంగా ఇంకో బండ వెనక కూర్చున్నాను. నాకు సిగ్గుగా ఉంది. సిగ్గుపడుతున్నప్పుడు నేను మంచి మనిషిని కాను. వాడి చెయ్యి, వాడి సేఠ్, వాడి పులుసు, అన్నీ కలిపి మనసులో తిట్టుకున్నాను. కింద వాగులో ఒక బండి పోయిన చప్పుడు వినిపించింది. ఇద్దరం తలలు దించుకున్నాం. అది ఆగకుండా వెళ్ళిపోయింది.

రెండో పిట్ట తొమ్మిది దాటాక వచ్చింది. ముందుదానికన్నా చిన్నది, కోపిష్టిది. వచ్చీ రాగానే పంజరం మీదికి దూకి ఉచ్చులో పడింది. ఈసారి నేను నడిచి వెళ్ళాను. రెక్కలు, కాళ్ళు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, మెడకు దూరంగా, వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

వాడు పడమటి వైపు తిరిగి కూర్చున్నాడు. ఎడమ చేత్తో పిట్ట తల పట్టి మెడ సాగదీశాడు. కుడి చేతిలో కత్తి పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడు అంటే, ఎడమ చేత్తో తీసి కుడి అరచేతిలో ఉంచి, వేళ్ళను ఒక్కొక్కటిగా దాని చుట్టూ మూశాడు. బిస్మిల్లా అని మొదలుపెట్టి చెయ్యి ఎత్తగానే కత్తి జారి రాళ్ళ మీద పడింది. మళ్ళీ తీసి పెట్టుకున్నాడు. మళ్ళీ పడింది. నా చేతుల్లో పిట్ట గుండె కొట్టుకోవడం తెలుస్తోంది.

"ఎడమ చేత్తోని కొయ్యిరా. ఎవడు జూస్తుండు ఈడ?"

"మా అబ్బ గట్ల నేర్పలే."

"మీ అబ్బ కాలానికి నీకు చెయ్యి సక్కగుండె."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మూడోసారి కత్తి పడినప్పుడు నేనే ఒక ఉపాయం చెప్పాను. పిట్ట కాళ్ళూ రెక్కలూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, నా కుడి చేత్తో వాడి పిడికిలిని కత్తితో సహా పట్టుకున్నాను. వాడి చెయ్యి చల్లగా, బరువుగా ఉంది.

"నువ్వు పేరు దీస్కో, నేను జరంత ఊతమిస్త. కత్తి నీ చేతిలనే ఉన్నది. కోసింది నువ్వే అయితవ్."

వాడు ఒప్పుకున్నాడు. లేదా నేనలా అనుకున్నాను. "బిస్మిల్లా, అల్లాహు అక్బర్" అన్నాడు. నేను చెయ్యి ముందుకు నెట్టబోయాను.

"ఆగు" అన్నాడు.

ఆగాను. కత్తి అంచు ఈకల మీదే ఉంది.

"కోసేది ఎవలు?"

"నువ్వే. నీ చెయ్యే గదా."

వాడు మా రెండు చేతుల వైపు చూశాడు. నా పిడికిలి లోపల వాడి పిడికిలి. చాలాసేపు చూశాడు. నాకు తొడలు లాగుతున్నాయి, పిట్ట గింజుకుంటోంది. కానీయరా అని గసిరాను.

"సేఠ్‌కు తిమ్మిరి అన్న" అన్నాడు. "ఇంటికి ఫోన్ జేసి పని మస్తుగున్నది, అందుకే చేతులు గుంజుతున్నయ్ అన్న. నీకు ఎనిమిది దినాలు అన్న. నలభై దినాలైంది బావా. అల్లా పేరు దీస్కొని గిది నేనే కోసిన అని ఎట్లనాలె? ఇది పనిజేస్తలేదు. ఇగ జెయ్యది."

చెయ్యి పడిపోయిందని వాడు తన నోటితో అనడం అదే మొదలు. సేఠ్‌కు చెప్పలేదు, భార్యకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. వేళ్ళు దారాన్ని పట్టనప్పుడు కూడా చలి మీదికి నెట్టాడు. ఒక పిట్టను కోసేటప్పుడు తీసుకునే పేరు దగ్గర మాత్రం వాడికి అబద్ధం నోరు దాటలేదు. ఆ సంగతి నాకు తరువాత అర్థమైంది. ఆ క్షణంలో వచ్చింది కోపమే. ముదీర్‌కు అబద్ధం చెప్పి, జైలుకు భయపడుతూ, మోకాలు పగలగొట్టుకుని పట్టిన పిట్ట. చేతిలోకి వచ్చిన మందు.

"ఇడిసిపెట్టు" అన్నాడు.

"తలకాయ గిన తిరిగిందా?"

"ఇడిసిపెట్టు బావా."

మోకాళ్ళు ఎడం చేశాను. పిట్ట వెంటనే పోలేదు. ఒక్క క్షణం నేల మీద అలాగే అణిగి ఉండి, తరువాత లేచి రాళ్ళ మధ్యకు పరుగెత్తింది. కాసేపటికి పైనెక్కడో కూసింది. దీమం దానికి జవాబిచ్చింది.

వాడు పంజరం మీద లుంగీ గుడ్డ కప్పాడు. నేను ఉచ్చులు కోసి దారం చుట్టాను. దిగేటప్పుడు ఒకచోట రాళ్ళు జారుడుగా ఉంటే పంజరం నాకిచ్చి, నా భుజం పట్టుకుని దిగాడు. ఎక్కేటప్పుడు అదే చోట ఒక్కడే ఎక్కాడు, నేను చెయ్యి ఇస్తే పట్టుకోలేదు.

తారురోడ్డు పక్కన చిన్న మసీదు దగ్గర జుమ్మా నమాజుకు బండి ఆపాం. వాడు లోపలికి వెళ్ళాడు. నేను పికప్‌లోనే కూర్చున్నాను. మెడ విరిచిన పిట్ట సంచిలో ఉంది. దాన్ని నేనొక్కణ్ణే వండుకుని తినాలి. అప్పటికి నా కోపం సగం నా మీదికే తిరిగింది. మొదటి పిట్టను ప్రాణంతో వాడికి అందించి ఉంటే ఏమయ్యేది? కత్తి అప్పుడూ జారేదే. కానీ పొద్దున్నే, ఆ నవ్వు మీద, వాడు ఎలాగో ఒకలా కోసేసేవాడేమో. పులుసు తాగేవాడు. ఇంకో మూడు వారాలు నమ్మకంతో ఉండేవాడు. ఆ మూడు వారాలూ డాక్టరు గడప తొక్కేవాడు కాదు. నేను వాడికి చెరుపు చేశానో మేలు చేశానో ఇప్పటికీ తేల్చుకోలేను.

నమాజు అయ్యాక వచ్చి పక్కన కూర్చున్నాడు. "సేఠ్ నెంబరు కలుపు" అన్నాడు.

"ఇప్పుడేనా? రేపు దుకాణంల జెప్పరాదు?"

"రేపటికి మనసు మారుతది."

నెంబరు కలిపి ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టాను. వాడే ఎడమ చేత్తో అందుకున్నాడు. సేఠ్ హైదరాబాదు ఆయన. సలాము, క్షేమం అయ్యాక వాడు ఉర్దూలో, లెక్క అప్పజెప్పినట్టు, వరసగా చెప్పాడు. కుడి చెయ్యి పనిచేయడం లేదు. నలభై రోజులైంది. ఈ నెల బట్టలు నేను కోయలేదు. ఎవరు కోశారన్నది చెప్పలేదు. ఆ తరువాత అవతలి నుంచే మాటలు. వాడు జీ, జీ అంటూ విన్నాడు. ముఖంలో ఏమీ కనిపించలేదు. చివరికి ఒక మాట అని ఫోన్ నాకిచ్చేశాడు.

"తిట్టిండా?"

"లే. డాక్టరు దగ్గరికి రేపు పొమ్మన్నడు. పండుగ ముంగట ఇంటికి పంపియ్య అన్నడు." ఎడమ చేత్తో కుడి చెయ్యిని ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఎడమ చేత్తోని ఇస్త్రీ జేస్తవా అని అడిగిండు."

పన్నెండేళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడి కత్తెర పట్టినవాడు. ఇస్త్రీ పని ఆ షాపులో కొత్తగా వచ్చినవాళ్ళకిస్తారు.

"నువ్వేమన్నవ్?"

"చేస్త అన్న."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు చూడకూడదని అద్దం వైపు తిరిగి, తాళం చెవి తిప్పాను. బండి స్టార్టయింది. వాడు సీటు బెల్టు లాగి ఎడమ చేత్తో కిందికి తెచ్చాడు. కొక్కెంలో పెట్టబోతే తప్పింది. ఇంకోసారి తప్పింది. బెల్టును అలాగే పట్టుకుని నా వైపు తిరిగాడు.

"జర గిది పెట్టు బావా" అన్నాడు.

వంగి పెట్టాను.